పరాయి దేశపు యుద్ధానికి సాయం పంపుతున్నారా? బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో యుద్ధం మొదలైన వారంలోపే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక క్యూఆర్ కోడ్ తిరగడం మొదలవుతుంది. పిల్లలకు పాలు, గాయపడ్డవాళ్లకు మందులు అని రాసి ఉంటుంది. సరుకు ఏ దారిన పోతుందో, ఆ దారిలో గేటు ఎవరి చేతిలో ఉందో, పేర్ల పట్టీ ఎవరు రాస్తున్నారో మాత్రం ఉండదు. ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ లేని సంగతుల గురించే. పన్నులు, బ్యాంకు నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి పెద్ద మొత్తం కదిపే ముందు మీ చార్టర్డ్ అకౌంటెంట్‌ని ఒక మాట అడగండి.

తిండి, మందులు పంచే సంస్థకు రాజకీయాలతో ఏం పని?

దానికి పని లేకపోయినా రాజకీయమే వెతుక్కుంటూ వస్తుంది. యుద్ధం జరిగే చోట తుపాకీ ఉన్నవాడి అనుమతి లేకుండా లారీ కదలదు. ఆ అనుమతి ఊరికే రాదు.

1914లో జర్మనీ బెల్జియాన్ని ఆక్రమించింది, బ్రిటన్ సముద్రం మీద దిగ్బంధం పెట్టింది. మధ్యలో లక్షల మందికి తిండి లేదు. అప్పుడు హెర్బర్ట్ హూవర్ అనే అమెరికన్ గని ఇంజనీరు బెల్జియం సహాయ కమిషన్ పెట్టాడు. దాని ఓడలకు సొంత జెండా ఉండేది. ధాన్యాన్ని జర్మన్ సైన్యం ముట్టుకోకూడదని ఒకవైపు, ఓడలను ఆపకూడదని మరోవైపు, రెండు శత్రు ప్రభుత్వాలతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. ఒక ప్రైవేటు సంస్థ దాదాపు దేశంలా వ్యవహరించింది. అంతకుముందు ఏ ఎన్నికలోనూ గెలవని హూవర్ 1929లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. సాయం యుద్ధభూమి మీద ఎంత పనిచేస్తుందో, పంపిన దేశంలోని రాజకీయం మీదా అంతే పనిచేస్తుంది.

ఆకలి తీరిస్తే యుద్ధం ఎలా పెరుగుతుంది?

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. శిబిరంలో ఒక మనిషికి రోజుకు 2,100 కేలరీలు ఇవ్వాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. అందులో ఎక్కువ భాగం బియ్యమో గోధుమలో 400 గ్రాములు, పప్పు 60 గ్రాములు, నూనె 25 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు. 10,000 మందికి నెల రోజులకు ఇది 147 టన్నులు, 20 టన్నుల లారీలు ఎనిమిది. మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున నీళ్లు లక్షన్నర లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు పన్నెండు, పదమూడు. 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండినప్పుడు ట్యాంకర్ ఎవరి గేటు ముందు ముందుగా ఆగుతుందో నిర్ణయించేవాడికి ఎంత విలువ వచ్చిందో చూశాం కదా. ఆ విలువకు తుపాకీ తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు చెక్‌పోస్ట్ దగ్గరికి రండి. 20 టన్నుల లారీలో 50 కిలోల బస్తాలు 400. అందులో నూటికి ఐదు దింపుకుంటే 20 బస్తాలు, ఒక టన్ను. రోజుకు 400 గ్రాముల చొప్పున అది 80 మందికి పైగా సాయుధులకు నెల తిండి. ఒక్క లారీ, ఒక్క చెక్‌పోస్ట్ దగ్గర జరిగే సంగతి ఇది.

నిజానికి బస్తాల దొంగతనం అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం తేలిక. కనిపించకుండా పోయేవి వేరే ఉన్నాయి.

మొదటిది పట్టీ. 1994లో రువాండా మారణహోమం తర్వాత లక్షల మంది సరిహద్దు దాటి జైర్‌ (ఇప్పటి కాంగో)లోని గోమా పరిసరాల్లో శిబిరాలు వేసుకున్నారు. చంపినవాళ్లూ ఆ జనంలోనే కలిసి వచ్చారు. రేషన్ పట్టీలు రాసింది ఆ పాత నాయకులే. తలల సంఖ్య పెంచి రాసి, మిగిలిన సరుకు అమ్ముకుని, శిబిరాన్ని తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ ఏడాది నవంబర్‌లో ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ) ఫ్రాన్స్ విభాగం, ఇక్కడ ఉంటే హంతకులకు బలం ఇచ్చినట్టే అని చెప్పి బయటికి వెళ్లిపోయింది. ఉండిపోయిన సంస్థలకూ కారణాలున్నాయి: పిల్లలు ఆ శిబిరాల్లోనే ఉన్నారు.

రెండోది దారి. 1967 నుంచి 1970 వరకు నైజీరియా అంతర్యుద్ధంలో బయాఫ్రాకు మిగిలిన ముఖ్యమైన విమానమార్గం ఊలి అనే రన్‌వే. అది అసలు తారురోడ్డు. రాత్రిపూట చర్చి సంస్థల తిండి విమానాలు, ఆయుధాల విమానాలు ఒకే చీకట్లో అక్కడే దిగేవి. చర్చి సంస్థల విమానాలు సుమారు 5,300 సార్లు తిరిగి, దాదాపు 60,000 టన్నులు దింపాయి. నైజీరియా వైపు నుంచి చూస్తే ఏ విమానంలో ఏముందో తెలియదు. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ విమానాన్నే కూల్చేశారు. బయాఫ్రా ప్రభుత్వం తన ప్రచారాన్ని జెనీవాలోని ఒక ప్రచార సంస్థకు అప్పగించింది. ఆకలితో ఎండిపోయిన పిల్లల ఫొటోలు పత్రికల నిండా వచ్చాయి. ఆ ఫొటోలు అబద్ధం కావు. అవి రాజకీయ పని చేశాయన్నదీ అబద్ధం కాదు.

మూడోది మారకపు రేటు, దాతలు ఎప్పుడూ అడగనిది ఇదే. ప్రభుత్వ రేటు డాలరుకు 100, బజారు రేటు 200 అనుకోండి. సంస్థ తన పది లక్షల డాలర్లను ప్రభుత్వ బ్యాంకులోనే మార్చాలన్న నిబంధన ఉంటే సగం విలువ ఆ ప్రభుత్వానికి చేరిపోయినట్టే. దొంగతనం లేదు, లంచం లేదు, రసీదులన్నీ సక్రమం. సిరియాలో ఇదే జరిగింది. 2020లో ఐరాస సంస్థలు మార్చిన ప్రతి డాలర్లో దాదాపు సగం ఇలా పోయిందని 2021లో ఒక పరిశోధన లెక్క తేల్చింది.

ఇవి కాక కాపలా మనుషుల జీతాలు, కమాండర్ బావమరిది ఇంటికి కట్టే ఆఫీసు అద్దె, లారీల కిరాయి ఉంటాయి. సొమాలియాలో మెషిన్‌గన్ బిగించిన జీపులను టెక్నికల్స్ అనడానికి కారణం, కాపలా ఖర్చును సహాయ సంస్థలు సాంకేతిక సహాయం కింద రాయడమేనని చెబుతారు.

రెడ్‌క్రాస్ కూడా ఇంతేనా?

దాని చట్టపరమైన స్థానం వేరు. 1859 సోల్ఫెరినో యుద్ధంలో క్షతగాత్రులను చూసిన హెన్రీ డ్యూనాంట్ చొరవతో 1863లో జెనీవాలో మొదలైంది. 1949 జెనీవా ఒప్పందాలు దానికి కొన్ని పనులు అప్పగించాయి. చూసింది బయటపెట్టకుండా, రెండు పక్షాలతోనూ లోపలే మాట్లాడటం దాని పద్ధతి. బయాఫ్రాలో ఈ మౌనం నచ్చని ఫ్రెంచి డాక్టర్లలో కొందరు 1971లో ఎంఎస్‌ఎఫ్ పెట్టడంలో ముందున్నారు. మౌనంగా ఉంటే లోపలికి రానిస్తారు, మాట్లాడితే గెంటేస్తారు. ఏది సరైనదో ఏభై ఏళ్లుగా తేలలేదు.

ప్రభుత్వాలే రిలీఫ్ ముసుగు వేసుకున్న సందర్భాలు ఉన్నాయా?

బోలెడు. నికరాగువాలో కాంట్రా తిరుగుబాటుదారులకు సైనిక సాయం చేయడాన్ని అమెరికా కాంగ్రెస్ నిషేధించింది. 1985లో అదే కాంగ్రెస్ వాళ్లకు 2.7 కోట్ల డాలర్ల "మానవతా సాయం" మంజూరు చేసింది. తిండి, బట్టలు, మందులు. పోరాడేవాడికి బూట్లు, తిండి ఎవరో కొనిపెడితే వాడి డబ్బు తూటాలకు మిగులుతుంది. ఇదే కాలంలో పన్ను మినహాయింపు ఉన్న ప్రైవేటు సంస్థలు సంపన్న దాతల దగ్గర చందాలు వసూలు చేశాయి. వాటిలో ఒకదాన్ని నడిపిన కార్ల్ చానెల్, పన్ను మినహాయింపు డబ్బును ఆయుధాలకు మళ్లించే కుట్రలో భాగమయ్యానని 1987లో కోర్టులో ఒప్పుకున్నాడు.

2001లో అఫ్గానిస్తాన్‌లో అమెరికా విమానాలు ఒకవైపు బాంబులు, ఒకవైపు తిండి పొట్లాలు వేశాయి. పొట్లాలూ పసుపు రంగే, పేలని క్లస్టర్ బాంబు ముక్కలూ పసుపు రంగే. రేడియోలో హెచ్చరికలు చేసి, తర్వాత పొట్లాల రంగు మార్చాల్సి వచ్చింది. సైన్యం చేత్తో సాయం పంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు.

2025 మేలో గాజాలో అమెరికా, ఇజ్రాయెల్ మద్దతుతో గాజా హ్యూమానిటేరియన్ ఫౌండేషన్ అనే ప్రైవేటు సంస్థ మొదలైంది. అంతకుముందు ఐరాస వ్యవస్థలో సుమారు 400 పంపిణీ చోట్లు ఉంటే, ఇది నాలుగు కేంద్రాలతో, ప్రైవేటు భద్రతా కాంట్రాక్టర్లతో నడిచింది. పని మొదలయ్యే ముందే దాని డైరెక్టర్, మానవతా సూత్రాలకు కట్టుబడి ఈ పథకం నడపలేమంటూ రాజీనామా చేశాడు. ఐరాస కలిసి పనిచేయనంది. ఆ కేంద్రాలకు వెళ్లే దారుల్లో వందల మంది కాల్పుల్లో చనిపోయారు. నవంబర్‌లో మూతపడింది. నాలుగే కేంద్రాలంటే తిండి కోసం జనం ఎటు నడవాలో నిర్ణయించే అధికారం కూడా సరుకుతో పాటే చేతికొచ్చిందన్నమాట.

మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది, అదీ బెంగళూరు నుంచే. 1987 జూన్ 3న జాఫ్నాకు సహాయ సామగ్రితో రామేశ్వరం నుంచి వెళ్లిన పడవలను శ్రీలంక నౌకాదళం వెనక్కి పంపింది. మర్నాడు బెంగళూరు నుంచి ఐదు ఏఎన్-32 విమానాలు, మిరాజ్ యుద్ధవిమానాలు తోడుగా వెళ్లి, జాఫ్నా మీద సుమారు 25 టన్నుల సరుకు జారవిడిచాయి. దాని పేరు ఆపరేషన్ పూమాలై, అంటే తమిళంలో పూలమాల. పైన వేసిన రేషన్ లెక్క ప్రకారం 25 టన్నులు 51,000 మందికి ఒక్క రోజు తిండి. ఆ పూలమాల వేసింది ఆకలి కోసం కాదు, కొలంబోకు మాట చేరవేయడానికి. మాట చేరింది, జూలై 29న రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది.

మన దేశం నుంచి ప్రైవేటుగా వెళ్లినవాళ్లు లేరా?

ఉన్నారు. బాల్కన్ యుద్ధంలో టర్కీ క్షతగాత్రుల కోసం 1912 చివర్లో డాక్టర్ ఎం.ఎ. అన్సారీ నాయకత్వంలో వైద్య బృందం వెళ్లింది. 1938లో జపాన్‌తో పోరాడుతున్న చైనాకు కాంగ్రెస్ పార్టీ ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో ఒకరైన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే పనిచేస్తూ 1942లో చనిపోయాడు. ఈ రెండు బృందాలూ ఏ పక్షానికి సాయం చేస్తున్నాయో దాచలేదు. ఇచ్చినవాళ్లకు తెలిసే ఇచ్చారు. పక్షం ఉండటం తప్పు కాదు, పక్షం ఉండి లేదని చెప్పడమే మోసం.

శ్రీలంక తమిళుల కోసం ఇచ్చిన డబ్బు సంగతేమైంది?

తమిళ్స్ రిహాబిలిటేషన్ ఆర్గనైజేషన్ 1985లో తమిళనాడులో, శరణార్థుల కోసం మొదలైంది. తర్వాత అనేక దేశాలకు విస్తరించింది. 2004 సునామీ తర్వాత దానికి పెద్ద ఎత్తున విరాళాలు వచ్చాయి. క్షేత్రంలో నిజంగానే పనిచేసింది. అయితే ఎల్టీటీఈ పాలించే ప్రాంతంలో ఎల్టీటీఈ అనుమతితోనే చేసింది. 2007 నవంబర్‌లో అమెరికా ఖజానా శాఖ దాన్ని ఎల్టీటీఈ ముసుగు సంస్థగా ప్రకటించి ఆస్తులు స్తంభింపజేసింది. సునామీ ఇళ్ల కోసం ఇచ్చిన దాతల్లో చాలామందికి ఇది పిడుగుపాటు.

ఇంకో సంగతి తక్కువమందికి గుర్తుంటుంది. సునామీ సాయాన్ని శ్రీలంక ప్రభుత్వం, ఎల్టీటీఈ కలిసి పంచేలా 2005 జూన్‌లో ఒప్పందం జరిగింది. దాన్ని వ్యతిరేకిస్తూ సంకీర్ణంలోని జేవీపీ అనే పార్టీ, ప్రభుత్వం నుంచి బయటికొచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు అందులోని కీలక భాగాలు నిలిపేసింది. పంపిణీ కమిటీలో కుర్చీ ఎవరిదన్న ప్రశ్న ఒక సంకీర్ణాన్నే కదిపింది.

మన చట్టంలో ఎల్టీటీఈ 1992 నుంచి నిషేధిత సంస్థ. 2024లో నిషేధాన్ని ఇంకో ఐదేళ్లు పొడిగించారు. ఉగ్రవాద చర్యకు నిధుల సేకరణను చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) 17వ సెక్షన్ శిక్షిస్తుంది. ఆ డబ్బు నిజంగా దానికి వాడారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. శిక్ష ఐదేళ్ల నుంచి యావజ్జీవం. ఉగ్రవాద సంస్థకు నిధులు పోగుచేస్తే 40వ సెక్షన్ కింద 14 ఏళ్ల దాకా.

బెంగళూరు నుంచి విదేశీ సంస్థకు నేరుగా పంపడం ఎలా?

వ్యక్తులకు రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషికి 2,50,000 డాలర్ల వరకు. అందులో విరాళాలూ వస్తాయి. కావలసినవి: పాన్, ఏ2 ఫారం, గ్రహీత సంస్థ పూర్తి చట్టబద్ధమైన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, బ్యాంకు స్విఫ్ట్ కోడ్, యూరప్ అయితే ఐబాన్. పర్పస్ కోడ్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. విదేశీ ధార్మిక, మత సంస్థలకు ఇచ్చే విరాళం ఎస్1303. వ్యక్తిగత బహుమతి ఎస్1302. యాప్‌లో త్వరగా దొరికిందని "కుటుంబ పోషణ" నొక్కితే అది తప్పుడు ప్రకటన అవుతుంది.

ఏడాదికి మొత్తం ఎల్‌ఆర్‌ఎస్ 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు గాని అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చిన విరాళానికి, విరాళాల మీద దాతకు వచ్చే పన్ను మినహాయింపు (1961 చట్టంలో 80జీ) లేదు.

డబ్బు వెనక్కి రావడానికి మామూలు కారణాలు మూడు. గ్రహీత పేరు ఖాతాలోని పేరుతో అక్షరం అక్షరం కలవకపోవడం. వివరణ గడిలో యుద్ధం పేరు, "రిలీఫ్" అని మాత్రమే రాసి వదిలేయడం (మధ్య బ్యాంకు ఆంక్షల తనిఖీలో ఆగిపోతుంది, సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, ఏ కార్యక్రమానికో పూర్తిగా రాయండి). గ్రహీత దేశం ఎఫ్‌ఏటీఎఫ్ (అక్రమ నిధుల మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ) నల్లజాబితాలో ఉండటం: ఉత్తర కొరియా, ఇరాన్, మయన్మార్. ఛార్జీలు పంచుకునే పద్ధతి ఎంచుకుంటే మధ్య బ్యాంకు తన వంతు కోసుకుంటుంది, చిన్న మొత్తాలకు అది బాగా తగులుతుంది. నాలుగు వేల రూపాయల విరాళాన్ని రెండు వైపులా ఛార్జీలు కట్టి పంపడం కన్నా సంస్థ సొంత వెబ్‌సైట్‌లో అంతర్జాతీయ కార్డుతో ఇవ్వడం తేలిక.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున పోగుచేసి పంపొచ్చా?

ఎల్‌ఆర్‌ఎస్ వ్యక్తులకే, అసోసియేషన్లకూ ట్రస్టులకూ లేదు. అందుకని 140 ఫ్లాట్ల డబ్బు సెక్రటరీగారి సొంత యూపీఐలో పడుతుంది. ఆరు లక్షలు ఆయన ఖాతాలోకి వచ్చి విదేశానికి పోతే, పన్ను నోటీసు వచ్చేది ఆయనకే. నిధి దారి తప్పిందన్న ఆరోపణ వస్తే ముందు పిలిచేదీ ఆయన్నే. ఎవరి విరాళం వాళ్లే పంపుకోవడం మేలు. లేదా మన దేశంలో నమోదై, విదేశాల్లో పనిచేయడానికి అనుమతులున్న సంస్థకు ఇక్కడే చెక్కు ఇవ్వండి.

ఆ అనుమతి గురించి ఒక మాట. మన ధార్మిక ట్రస్టు ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే మామూలుగా పన్ను మినహాయింపు రాదు. భారత్‌కు ఆసక్తి ఉన్న అంతర్జాతీయ సంక్షేమం అయితే, ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేక ఉత్తర్వు ఉండాలి. 1961 చట్టంలో ఇది 11(1)(సి). 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి. ఆ ఉత్తర్వు కాపీ చూపించమని అడగండి. "80జీ ఉంది సార్" అన్నది దానికి జవాబు కాదు.

మా కంపెనీ సీఎస్ఆర్ నిధి?

కుదరదు. భారత్ బయట చేసే పని సీఎస్ఆర్ లెక్కలోకి రాదు.

మందులు, దుప్పట్లు, పాత బట్టలు పంపుదామా?

వద్దు. 1992 నుంచి 1996 వరకు బోస్నియాకు వచ్చిన మందుల్లో సగానికి పైగా పనికిరానివి. సుమారు 17,000 టన్నులు. గడువు తీరినవి, ఏ భాషో తెలియని లేబుళ్లు, సగం వాడిన సీసాలు. వాటిని కాల్చడానికి మళ్లీ ఖర్చు. ఆ అనుభవాల తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు పెట్టింది: అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు ఉండాలి, జెనెరిక్ పేరు ఉండాలి, ఎవరికో ఇచ్చి తిరిగొచ్చిన మందులు పంపకూడదు, అక్కడి డాక్టర్లు అడిగిందే పంపాలి. మీ ఫ్లాట్‌లో మిగిలిన క్రోసిన్ స్ట్రిప్పులు దీనిలో ఏ నియమానికీ నిలవవు.

డ్రోన్లు, రాత్రిపూట చూసే కెమెరాలు, బుల్లెట్ ఆపే జాకెట్లు "వైద్య అవసరం" అని అడిగితే చాలా జాగ్రత్త. ఈ రకం సరుకుల్లో చాలావరకు స్కోమెట్ అనే ఎగుమతి నియంత్రణ జాబితాలోకి వస్తాయి, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) లైసెన్సు కావాలి. గాయపడ్డవాణ్ని వెతికే డ్రోన్‌కూ గ్రెనేడ్ వేసే డ్రోన్‌కూ తేడా ఎగరేసేవాడిలో ఉంటుంది, పెట్టెలో కాదు. ఉక్రెయిన్ ప్రభుత్వం 2022లో పెట్టిన యునైటెడ్24 వేదికలో రక్షణ, వైద్యం, పునర్నిర్మాణం వేర్వేరు పద్దులుగా ఉన్నాయి. ఏది దేనికో దాత ఎంచుకుంటాడు. ఈ విడదీత లేని వేదిక మీద "సహాయం" అన్న మాటకు అర్థం లేదు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఇస్తానంటున్నాడు. అక్కడ సులువే కదా?

పన్ను మినహాయింపు సులువు, బాధ్యత ఎక్కువ. 2010లో అమెరికా సుప్రీంకోర్టు, నిషేధిత సంస్థకు అంతర్జాతీయ చట్టం మీద శిక్షణ ఇచ్చినా అది "సహాయం" కిందకే వస్తుందని తీర్పిచ్చింది. ఆ కేసులో ఉన్న సంస్థలు కుర్దుల పీకేకే, ఎల్టీటీఈ. అతన్ని చూడమనండి: ఖజానా శాఖ ఆంక్షల జాబితా, సంస్థ వార్షిక 990 ఫారం, అందులో విదేశీ పనులు చెప్పే షెడ్యూల్ ఎఫ్. షెడ్యూల్ ఎఫ్‌లో ప్రాంతాల వారీగానే ఉంటుంది, దేశం పేరు ఉండకపోవచ్చు. అది చూసి దాచారనుకోకండి, ఫారమే అంత.

ఒక సంస్థను ఇంట్లో కూర్చుని ఎలా పరిశీలించాలి?

ఓ గంట కేటాయించండి. మన సంస్థయితే దర్పణ్ పోర్టల్ గుర్తింపు సంఖ్య, బ్రిటన్ అయితే చారిటీ కమిషన్ రిజిస్టరు, అమెరికా అయితే ఐఆర్ఎస్ వెతుకులాట. బ్రిటన్‌లో ఆర్థిక సంవత్సరం ముగిశాక పది నెలల్లోపు లెక్కలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే రిజిస్టరులోనే కనిపిస్తుంది. ట్రస్టీల పేర్లు రాసుకుని, వాళ్లలో ఎవరైనా యుద్ధంలో ఉన్న పార్టీకో, లాబీకో, మాజీ సైనికాధికారుల బృందానికో చెందినవాళ్లా చూడండి. చెందితే మోసమని కాదు. మీరు ఎవరితో ఉన్నారో తెలుస్తుంది.

తర్వాత ఒక ఈమెయిల్ రాయండి. లబ్ధిదారుల పట్టీ ఎవరు తయారు చేస్తారు? దాన్ని మళ్లీ ఎవరు సరిచూస్తారు? సరుకు ఏ సరిహద్దు గుండా పోతుంది, అక్కడ ఎవరికి ఏ రుసుము కడతారు? స్థానిక కరెన్సీ ఎక్కడ, ఏ రేటుకు మారుస్తారు? పోయినసారి ఎక్కడైనా పంపిణీ ఆపేశారా, ఎందుకు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యం. ఎప్పుడూ ఆపలేదు, ఏదీ పోలేదు అని చెప్పే సంస్థ యుద్ధంలో పనిచేయడం లేదు, లేదా నిజం చెప్పడం లేదు. ఫలానా గోడౌన్ నుంచి ఇన్ని బస్తాలు పోయాయి, రెండు వారాలు ఆపాం, పట్టీ మార్చాక మొదలుపెట్టాం అని రాసేవాళ్లకే మా ఓటు.

"ప్రతి రూపాయీ నేరుగా బాధితులకే, ఆఫీసు ఖర్చు సున్నా" అంటున్నారు. మంచిదే కదా?

శాంతికాలంలో అన్నదానానికి చెల్లుతుందేమో. యుద్ధంలో ఆఫీసు ఖర్చంటే పట్టీని రెండోసారి సరిచూసే మనిషి జీతం, గోడౌన్ లెక్కల మనిషి జీతం, ఆడిట్. సున్నా అంటే ఆ పని ఎవరూ చేయడం లేదని. కంచే లేని చేను అది.

రిలీఫ్ సంస్థ ప్రభుత్వాల మీద ఒత్తిడి తేవడం తప్పా?

తప్పు కాదు, పద్దులు వేరుగా ఉండాలి. అమెరికాలో 2004లో మొదలైన సేవ్ డార్ఫుర్ కూటమి వసూలు చేసిన డబ్బు ప్రచారానికి, సూడాన్‌లోని డార్ఫుర్‌లో తిండికి కాదు. అది తెలియక ఇచ్చినవాళ్లు చాలామంది. 2007లో ఆ కూటమి సైనిక తరహా చర్యలు కోరుతూ ప్రకటనలు వేస్తే, అక్కడ పనిచేస్తున్న సహాయ సంస్థలు మా మనుషుల ప్రాణం మీదికి వస్తుందని అభ్యంతరం చెప్పాయి. 2009 మార్చిలో సూడాన్ అధ్యక్షుడి మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంటు ఇవ్వగానే, ఆ ప్రభుత్వం 13 విదేశీ సంస్థలను బయటికి పంపేసింది. మాట్లాడినవాళ్లు వేరు, మూల్యం కట్టినవాళ్లు వేరు. రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో నాలుగోది, ప్రభుత్వాల విదేశాంగ విధానానికి పనిముట్లు కాకుండా చూసుకుంటామన్నది. సంస్థ దాని మీద సంతకం పెట్టిందా అని అడగండి. పెడితే చాలని మాత్రం అనుకోకండి.

వాలంటీర్‌గా వెళ్లొచ్చా?

డాక్టరో, నర్సో, నీటి ఇంజనీరో అయితే అనుభవమున్న సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు చేయండి. టూరిస్టు వీసాతో మాత్రం వద్దు. భద్రతా సహాయకుడు, వంటవాడు అని చెప్పి తీసుకెళ్లి మనవాళ్లను రష్యా యుద్ధరంగంలోకి నెట్టిన ముఠాల మీద 2024లో సీబీఐ కేసు పెట్టింది.

ఇంత గొడవ ఉంటే ఇవ్వకపోవడమే మేలు కదా?

2011లో సొమాలియాలో జరిగింది చూడండి. అల్-షబాబ్ అనే సాయుధ బృందం చాలా సంస్థలను తరిమేసింది. మిగిలినవాళ్లు, బస్తా అల్-షబాబ్ చేతికి చిక్కితే అమెరికా చట్టం కింద కేసు పడుతుందేమోనని వెనకాడారు. జూలైలో ఐరాస కరువు ప్రకటించేసరికి ఆలస్యమైంది. 2010 అక్టోబర్ నుంచి 2012 ఏప్రిల్ వరకు సుమారు 2,58,000 మంది చనిపోయారని అంచనా, సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు. ఆ అనుభవాలన్నీ కలిసి 2022 డిసెంబర్‌లో భద్రతామండలి 2664వ తీర్మానానికి దారితీశాయి: ఐరాస ఆస్తుల స్తంభన ఆంక్షల నుంచి మానవతా సాయానికి మినహాయింపు. కొంత సరుకు దారితప్పుతుందని ఒప్పుకుని, ఎంతవరకు భరించాలో ముందే గీత గీసుకున్న సంస్థకు ఇవ్వడం మా దృష్టిలో సరైన పని. అపాత్రదానం భయంతో అసలు దానమే మానేస్తే ఎవరు పోతారో పై అంకె చెబుతోంది.

పంపాక ఏం దాచుకోవాలి?

ఏ2 కాపీ, బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ సందేశం కాపీ, సంస్థ రసీదు, మీరు రాసిన ఈమెయిల్, దాని జవాబు. టీసీఎస్ పట్టుకుంటే ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పేరున పడిందో లేదో మూడు నెలలకోసారి చూడండి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఎనిమిదేళ్లు ఉంచండి.